చరకుడి ధీమా, వాత్స్యాయనుడి సందేహం

చరక సంహిత చికిత్సాస్థానంలో రెండో అధ్యాయం వాజీకరణం. వాత్స్యాయనుడి కామసూత్రాల్లో ఏడోదీ ఆఖరిదీ అయిన అధికరణం ఔపనిషదికం. మగతనం పేరుతో మన ఊళ్ళలో అమ్ముడుపోయే పొడులకూ లేహ్యాలకూ నూనెలకూ పెద్దల సాక్ష్యం కావలసి వచ్చినప్పుడు ఎక్కువగా ఈ రెంటినే పిలుస్తారు. డబ్బా మీద పరుగెత్తే గుర్రం, అంటే వాజి, ఉంటే అది చరకుడి వాటా, పరదా చాటున జంట ఉంటే వాత్స్యాయనుడి వాటా. వీటిని చదివి అమ్మేవాళ్ళు తక్కువ, చదివి కొనేవాళ్ళు మరీ తక్కువ. రెంటినీ ఎదురెదురుగా పెట్టుకుని చదివితే తెలిసేదేమిటంటే, వీళ్ళిద్దరి చేతిలో ఉన్న సరుకులు దాదాపు ఒకటే. వేసుకున్న ప్రశ్నలు మాత్రం వేరు. మందు ఇచ్చేటప్పుడు ఎంత ధీమాగా మాట్లాడాలో, ఎక్కడ వెనక్కి తగ్గాలో అన్న విషయంలో ఇద్దరి స్వభావాలూ పూర్తిగా వేరు.

ముందు ఇవి గ్రంథంలో ఏ చోట ఉన్నాయో చూడాలి. చరకుడి చికిత్సాస్థానం 30 అధ్యాయాలు. మొదటిది రసాయనం, రెండోది వాజీకరణం, జ్వరం ఆ తర్వాతే. రోగాల దగ్గరికి వెళ్ళకముందే, ఒంట్లో బాగున్నవాడికి ఇంకా బలమిచ్చే వైద్యం చెప్పేశాడు. ఆయుర్వేదపు ఎనిమిది అంగాల్లో వాజీకరణం ఒకటి. శస్త్రచికిత్సకూ పసిపిల్లల వైద్యానికీ ఉన్న హోదా దానికీ ఉంది. కామసూత్రాల్లో ఇది తలకిందులు. 36 అధ్యాయాల పుస్తకంలో మందుల ముచ్చట చివరి రెండు అధ్యాయాలకు గాని రాదు. అదీ షరతు మీద: ఇంతదాకా చెప్పిన పద్ధతులతో కోరుకున్నది దక్కనివాడు మాత్రమే ఇటు రావాలి. రూపం, గుణం, వయసు, ఇచ్చే చెయ్యి, ఈ నాలుగూ మనిషిని ఇష్టుణ్ణి చేస్తాయని ముందు చెప్పి, అవి కరువైనవాడికి లేపనాలూ అంజనాలూ చెప్పడానికి ఉపక్రమిస్తాడు వాత్స్యాయనుడు. ఒకరికి ఇది వైద్యానికి ముఖద్వారం, ఇంకొకరికి దారులన్నీ మూసుకుపోయాక మిగిలే పెరటి తలుపు.

ఇక సరుకుల చీటీ. చరకుడిది పెద్దది: మినుములు, అరవై రోజుల్లో చేతికొచ్చే షష్టిక ధాన్యం, ఆవుపాలు, నెయ్యి, చక్కెర, తేనె, పిప్పళ్ళు, దూలగొండి గింజలు, పల్లేరు, శతావరి, నేలగుమ్మడి దుంప. మాంసాల్లో కోడి, పిచ్చుక, చేప, దున్నపోతు. గుడ్లలో హంసవీ నెమలివీ కూడా. మొసలి రేతస్సులో వేయించిన కోడి మాంసం అని ఒక యోగం ఉంది. ఆ రేతస్సు పట్టుకొచ్చేది ఎవరో మాత్రం చెప్పలేదు. వాత్స్యాయనుడి చీటీ చిన్నది: చక్కెర వేసిన పాలు, అతిమధురం, నేలగుమ్మడి, దూలగొండి, సారపప్పు, శతావరి, పల్లేరు, పొట్టేలు లేదా మేక వృషణాలు వేసి కాచిన పాలు, పిచ్చుక గుడ్లతో కలిపి వండిన బియ్యం. రెండు చీటీలూ ఒక అంగడికే పంపించవచ్చు.

ఈ సరుకుల్లో సగం మన వంటింట్లోవే. షష్టికాన్నంలో నెయ్యి దండిగా వేసుకుని, మినపపప్పుతో తిని, పైన పాలు తాగినవాడు రాత్రంతా ఉత్సాహంగా మేలుకుంటాడని చరకుడి మాట. సున్నుండలూ మినపరొట్టే తిని పెరిగిన కోస్తా జిల్లాలవాళ్ళకు ఇంత భోజనం తర్వాత ఏం జరుగుతుందో బాగా తెలుసు: గుర్రుపెట్టి నిద్రపోతారు. ఎగతాళికి అనడం లేదు. ఆ యోగాల్ని మందులుగా కాక తిండిగా చదివితే వాటి అర్థం బోధపడుతుంది. కరువులూ ఉపవాసాలూ ఎక్కువైన కాలంలో, అరకొర తిండి తినే దేహానికి పాలు, నెయ్యి, పప్పు, మాంసం దొరికితే కోరిక పుంజుకోవడంలో వింత లేదు. శుక్రం తగ్గే కారణాల్లో చరకుడు తిండి లేకపోవడాన్ని పేరు పెట్టి మరీ చెప్పాడు. కడుపు నిండి, నడుము చుట్టూ కొవ్వు పేరుకుని, మధుమేహం వచ్చిన ఈనాటి నలభై ఏళ్ళ ఉద్యోగికి అదే నెయ్యి పాయసం పెడితే ఫలితం తిరగబడుతుంది.

పిచ్చుక సంగతి వేరే. పిచ్చుకలు మాటిమాటికీ జతకడతాయి కాబట్టి పిచ్చుక మాంసమో గుడ్లో తిన్నవాడికీ ఆ గుణం వస్తుందన్న ఊహ ఇద్దరి గ్రంథాల్లోనూ ఉంది. పిచ్చుక మాంసం తృప్తిగా తిని పాలు తాగితే రాత్రి అంగం సడలదని చరకుడు హామీ ఇస్తాడు. ఈ ఊహకు రెండువేల ఏళ్ళు నిండినా వయసు మీద పడలేదు. ప్రకాశం, గుంటూరు, కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల్లో గాడిద మాంసం తింటే మగసిరి పెరుగుతుందన్న నమ్మకంతో దొంగచాటుగా గాడిదల్ని కోసి అమ్ముతున్న వైనం 2021లో పత్రికలకెక్కింది. ఆహార భద్రత నిబంధనల ప్రకారం గాడిద తినదగిన జంతువుల జాబితాలోనే లేదు. ఉడుము కోసం పొలాలూ పుట్టలూ గాలించేవాళ్ళది కూడా ఈ దారే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. జంతువు మారింది, తర్కం మారలేదు.

అసలు తేడా, ఈ మందు దేని కోసం అన్న ప్రశ్నలో ఉంది. చరకుడి జవాబు: సంతానం కోసం. వాజీకరణ అధ్యాయంలో సంతానం లేని పురుషుణ్ణి వర్ణించిన తీరు చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. నీడనివ్వని, పండు కాయని చెట్టుతోనూ, ఎండిన చెరువుతోనూ, బొమ్మలోని దీపంతోనూ పోలుస్తాడు. పిల్లలు లేని దంపతుల్ని ఇవాళ కూడా పేరంటాల్లో పక్కన పెట్టే మన సమాజానికి ఈ మాటలు కొత్త కావు. శాస్త్రగ్రంథం ఆ క్రూరత్వానికి వంత పాడటం మాత్రం మెచ్చదగింది కాదు. స్త్రీ అక్కడ క్షేత్రం. అన్ని వాజీకరణాల్లోకీ గొప్పది మనసును ఉల్లాసపరిచే స్త్రీయే అని గొప్పగా మొదలుపెట్టి, ఆమెకు మనసు కలిసే గుణంతో పాటు చెప్పుచేతల్లో ఉండే గుణాన్ని కూడా జోడిస్తాడు. ఆమెకు సుఖం కలిగిందా లేదా అన్న ప్రశ్న ఆ అధ్యాయంలో రోగి లక్షణాల్లోకి గాని, మందు ఫలితంలోకి గాని రాదు.

వాత్స్యాయనుడికి మొదటి నుంచీ ఆ ప్రశ్నే ముఖ్యం. రెండో అధికరణంలోనే దీని మీద పెద్ద వాదం నడిపాడు. స్త్రీకి పురుషుడిలాగా తృప్తి ఉండదన్న పూర్వాచార్యుడు ఔద్దాలకి మతాన్ని ఎత్తి చూపి, ఇరువురి సుఖం ఒక జాతిదేనని తేల్చాడు. పురుషుల్ని వేగాన్ని బట్టీ, పట్టే సమయాన్ని బట్టీ విభజించి, స్త్రీలను కూడా అలాగే విభజించాడు. త్వరగా ముగించే పురుషుడు అతని లెక్కలో రోగి కాదు. అదొక తత్వం, దానికి తగిన జోడీ కుదరడమో కుదరకపోవడమో ఉంటుంది. కుదరనప్పుడు ఏం చేయాలన్నది ఏడో అధికరణం రెండో అధ్యాయంలో చెబుతాడు. అక్కడ మొదటి సలహా మందు కాదు, చేతితో ఆమెను ముందుగా సిద్ధం చేయమని. కృత్రిమ సాధనాలు ఆ తర్వాత వస్తాయి. ఈనాటి లైంగిక వైద్యులు శీఘ్రస్ఖలనంతో వచ్చిన దంపతులకు చెప్పే మొదటి మాటల్లో ఆ మొదటి సలహా ఒకటి. మూడో శతాబ్ది ప్రాంతపు గ్రంథంలో ఈ ఇంగితం కనబడుతుంటే, ఇరవయ్యొకటో శతాబ్దపు గోడప్రకటనలో స్త్రీ ఊసే ఉండదు. ఉన్నా ఆమె పరీక్షాధికారిలాగా ఉంటుంది, మగవాడు తప్పిపోతాడేమోనని కాచుకుని.

మాట తీరు చూడండి. చరక సంహితలో ఆత్రేయుడు మాట్లాడతాడు, అగ్నివేశుడు వింటాడు. ఈ నెయ్యి తాగినవాడు ముసలివాడైనా యువకుడవుతాడు, ఈ రసం తాగినవాడికి అంగం సడలదు: అంతా నిశ్చయార్థకమే. మధ్యలో తటపటాయింపు లేదు. మాషపర్ణి ఆకులు మేపిన ఆవు పాలు శ్రేష్ఠమంటాడు, పైగా ఆ ఆవు ఎర్రదో నల్లదో అయి ఉండాలి, కొమ్ములు పైకి లేచి ఉండాలి. ఆవు ఒంటి రంగుకూ అంగస్తంభనకూ లంకె ఏమిటో చెప్పవలసిన అవసరం గురువుకు కనిపించలేదు. వాత్స్యాయనుడు అదే దూలగొండి, అదే నేలగుమ్మడితో గోధుమపిండి పోళీ చేసి తిన్నవాడు లెక్కలేనంత మంది స్త్రీలను కలవగలడని రాస్తూ, అలా ఆచార్యులు అంటారని ముగిస్తాడు. తాను చూశానని గాని, తనకు తెలుసని గాని అనడు. ఆ ఒక్క క్రియాపదం చాటున గ్రంథకర్త పక్కకు తప్పుకుని నిలబడ్డాడు.

ఈ తప్పుకోవడం పిరికితనమని కొందరనవచ్చు. నాకు అది వివేకంగానే కనబడుతుంది, ఎందుకంటే అక్కడితో ఆగలేదు. వృష్యయోగాలన్నీ చెప్పాక, ఇవి ఆయుర్వేదం నుంచీ వేదం నుంచీ తెలిసినవాళ్ళ నుంచీ నమ్మదగినవాళ్ళ నుంచీ నేర్చుకోవాలని చెప్పి, సందేహమున్నవాటిని, ఒంటికి ప్రమాదం తెచ్చేవాటిని, ప్రాణిహింసతో కూడినవాటిని, అశుచి పదార్థాలు కలిసినవాటిని వాడవద్దని హద్దు గీశాడు. ఆ ముందే మేక వృషణాల పాలు చెప్పిన మాట నిజమే. ఈ వైరుద్ధ్యాన్ని వ్యాఖ్యాతలు ఎలా సమర్థించుకున్నా పాఠకుడికి అది కనబడక మానదు. గ్రంథకర్తకు తెలిసిన సరుకు ఒకటి, ఒప్పుకునే సరుకు మరొకటి. శాస్త్రంలో రాసి ఉందన్నంత మాత్రాన ఆచరించాలని లేదని ఇంకోచోట అంటాడు. కుక్క మాంసపు గుణాల్ని వైద్యగ్రంథాలు వివరించాయని వివేకులు దాన్ని తింటారా అని అడుగుతాడు. ఈ ప్రశ్న నేరుగా చరకుడి సంప్రదాయం మీదికి విసిరిందే.

వాత్స్యాయనుడికి హాని తెలుసు. రతిలో కొట్టే దెబ్బల ప్రకరణంలో శాతవాహన రాజు కుంతల శాతకర్ణి చేతిలో రాణి మలయవతి చనిపోయిన సంగతిని ఉదాహరణగా చెప్పి, ఇలాంటివి ప్రమాదమని హెచ్చరించాడు. మన నేలతో సంబంధమున్న రాజవంశం పేరు ఆ గ్రంథంలో ఇంత విషాదంగా మిగిలిపోయింది.

అలాంటివాడు ఏడో అధికరణంలో అంగాన్ని పెంచే విధానం చెప్పడం అతని గ్రంథం మొత్తంలో నాకు క్షమించబుద్ధి కానిది. చెట్లను పట్టుకుని ఉండే ముళ్ళ వెంట్రుకల పురుగుల్ని తెచ్చి అంగానికి రుద్దాలి. పది రాత్రుల పాటు నూనె మర్దన, మళ్ళీ పురుగు. వాచాక మంచానికి కన్నం చేసి బోర్లా పడుకుని దాన్ని కిందికి వేలాడదీయాలి. ఈ వాపు బతికినంత కాలం ఉంటుందట. ఉంటుంది మరి, పుండుగానో మచ్చగానో. ఇది కేవలం ఊహించి రాసింది కాదని సుశ్రుతుడి వల్ల తెలుస్తోంది. సుశ్రుత సంహిత నిదానస్థానం 14వ అధ్యాయం పేరు శూకదోష నిదానం. అంగం పెరగాలని తెలివితక్కువగా ఇలాంటి పురుగుల్ని రుద్దుకున్నవాళ్ళకు వచ్చే వ్యాధులు పద్దెనిమిది రకాలని అక్కడ ఏకరువు పెట్టాడు. చికిత్సాస్థానంలో వాటికి వైద్యం కూడా రాశాడు. అంటే రోగులు నిజంగానే వచ్చారు. పద్దెనిమిది రకాలుగా విభజించేటంత మంది వచ్చారు. ఒక శాస్త్రం పంపింది, ఇంకో శాస్త్రం కట్టు కట్టింది. కామసూత్రాల్ని గొప్ప గ్రంథమని పొగిడే ఏ పీఠికలోనైనా ఈ సుశ్రుత అధ్యాయాన్ని పక్కన పెట్టి చూపించాలి. ఇవాళ అంగం పెరగడానికని అమ్మే నూనెలు పురుగుల్ని వదిలేశాయి గానీ ఆశను వదల్లేదు. ఏ నూనె రుద్దినా పెద్దవాడి అంగం పొడవు పెరగదు.

వంటకాల్లో ధీమా చూపించిన చరకుడు నిదానంలో మాత్రం వాత్స్యాయనుణ్ణి ఎంతో వెనకబెట్టాడు. వాజీకరణం నాలుగో పాదం చదవండి. మనుషులందరూ ఒక్కలా ఉండరని అక్కడ మొదలవుతుంది: కొందరు పిచ్చుకల్లాగా తరచుగా, కొందరు ఏనుగుల్లాగా అరుదుగా. దేన్నీ లోపంగా లెక్కకట్టడు. శుక్రం తగ్గడానికి ముసలితనం, చింత, రోగం, పని భారం, తిండి లేకపోవడం, అతి సంభోగం కారణాలు. మగవాడు అశక్తుడు కావడానికి భయం, దుఃఖం, నమ్మకం లేకపోవడం కారణాలు. నమ్మకం లేకపోవడాన్ని ఆ జాబితాలో చేర్చిన వైద్యుడు మనిషిని దగ్గరగా చూసినవాడు. కొత్త పెళ్ళికొడుకు మొదటి రాత్రి విఫలమై, తనకేదో రోగమని భయపడి, ఆ భయంతోనే రెండో రాత్రీ విఫలమవడం ఏ మానసిక వైద్యుణ్ణి అడిగినా చెబుతారు. చికిత్సాస్థానం 30వ అధ్యాయంలో నపుంసకత్వాన్ని బీజం దెబ్బతినడం, అంగం దెబ్బతినడం, ముసలితనం, శుక్రం క్షీణించడం అని నాలుగుగా విడదీసి ఒక్కోదానికి దారి వేరన్నాడు. ఒకే లేహ్యం అందరికీ అని అనలేదు.

ఇంకో రెండు కట్టుబాట్లు కూడా పెట్టాడు. పదహారేళ్ళ లోపు వాళ్ళకూ, డెబ్బై దాటినవాళ్ళకూ సంభోగం వద్దు. వాజీకరణం తీసుకోవాలంటే ముందు దేహశుద్ధి కావాలి. మురికి పట్టిన గుడ్డకు రంగు ఎక్కదని ఆయన దృష్టాంతం. పైగా ఇది తన మీద తనకు అదుపున్నవాడికే. ఇప్పుడు వాజీకరణమని అమ్మే ఏ సీసా మీదా ఈ మూడూ ఉండవు.

రక్తనాళాల సంగతి చరకుడికి తెలిసే అవకాశం లేదు. అంగస్తంభన అంటే రక్తం లోపలికి వచ్చి నిలవడం. నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు సంకేతంగా పనిచేసి నాళాల గోడల్ని సడలిస్తుంది. రక్తనాళాల్లో దాని పాత్రను కనిపెట్టినందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, ముర్రాడ్‌లకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. ఛాతీనొప్పికని పరిశోధిస్తుండగా బయటపడిన సిల్డెనాఫిల్‌కు, అంటే వయాగ్రాకు, అదే ఏడాది మార్చిలో అమెరికాలో అనుమతి దొరికింది. ఈ మాత్ర కోరిక పుట్టించదు. కోరిక పుట్టి సంకేతం బయల్దేరితే దాన్ని త్వరగా చెరిగిపోనివ్వకుండా చూస్తుంది, అంతే. మనసు లేకపోతే మాత్ర ఏమీ చేయదన్న మాట చరకుడూ వాత్స్యాయనుడూ ఇద్దరూ తమ తమ పద్ధతుల్లో ముందే చెప్పారు, నాళాల ప్రసక్తి లేకుండా.

మరి మూలికలు అసలు పనిచేస్తాయా? ఇక్కడ ఒక చిత్రమైన సంగతి ఉంది. అశ్వగంధ మీద కొన్ని డజన్ల మంది పురుషులతో, రెండు మూడు నెలల పాటు జరిగిన చిన్న పరీక్షల్లో వీర్యకణాల సంఖ్య, టెస్టోస్టిరాన్ కొంత పెరిగినట్టు కనబడింది. దూలగొండి గింజల్లో ఎల్-డోపా ఉంది, పార్కిన్సన్ వ్యాధికి వాడే మందు అదే. లక్నోలో సంతానలేమితో వచ్చిన పురుషుల మీద 2009లో వెలువడిన పరిశోధనలో వీర్యం మెరుగైంది. పల్లేరు టెస్టోస్టిరాన్‌ను పెంచుతుందన్న ప్రచారాన్ని మనుషుల మీద పరీక్షలు నిలకడగా సమర్థించలేదు. అంటే ఉన్న కొద్దిపాటి ఆధారం చరకుడి ప్రశ్న వైపు, సంతానం వైపు, మొగ్గుతోంది. దుకాణానికి వచ్చేవాడు అడిగేది అది కాదు. అతనికి కావలసింది ఈ రాత్రి స్తంభన. మొక్కలు జవాబు చెప్పిన ప్రశ్న ఒకటి, ప్రకటన అమ్ముతున్న జవాబు ఇంకొకటి. మూలిక గనక హాని లేదనుకోవడమూ పొరపాటే. అశ్వగంధ వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది.

చరకుడు తెలియకుండా వదిలిపెట్టిన బరువు కూడా ఒకటుంది. ఏడు ధాతువుల్లో చివరిది శుక్రం, అది చెరకులో రసంలా, నువ్వుల్లో నూనెలా ఒళ్ళంతా వ్యాపించి ఉంటుంది, అతిగా పోతే క్షయం. ఈ ఆలోచన జనంలోకి దిగి, ఇన్ని చుక్కల రక్తం ఒక చుక్క వీర్యమన్న లెక్కగా మారింది. స్వప్నస్ఖలనమైన ప్రతి ఉదయం ఒక కుర్రవాడు తన ఆయుష్షు కరిగిపోయిందని కుమిలిపోవడానికి ఇది చాలు. భారతీయ మనోవైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లో దీనికి ధాతు సిండ్రోమ్ అని పేరు పెట్టారు. వీర్యం పోతోందన్న బెంగతో నీరసం, ఒళ్ళునొప్పులు, దిగులు, అశక్తత. రోగం ఆ బెంగే. విజయవాడ డాక్టర్ జి. సమరం దశాబ్దాల పాటు వారపత్రికల్లో తెలుగు కుర్రవాళ్ళ ఉత్తరాలకు జవాబులు రాస్తూ వచ్చింది ఈ భయంతోనే పోరాడటానికి. వాత్స్యాయనుడిలో వీర్యం మీద ఈ పొదుపు లెక్క కనబడదు. మన తెలుగువాళ్ళు కామశాస్త్రాన్ని కూచిరాజు ఎఱ్ఱన కొక్కోకం ద్వారా పద్యాల్లో చదువుకున్నారు, బూతు పుస్తకానికి కొక్కోకమని మారుపేరు పెట్టుకున్నారు. భయం మాత్రం వైద్యం వైపు నుంచి తెచ్చుకున్నారు.

ఈ ఇద్దరికీ వారసుడు బస్టాండు గోడ మీద ఉన్నాడు. నెలకోసారి ఫలానా లాడ్జిలో ఫలానా గదిలో దొరుకుతాడు. చిన్ననాటి తప్పులు, నరాల బలహీనత, రహస్య వ్యాధులు, సుఖ సంసారం అన్న నాలుగు మాటల మీద అతని వ్యాపారం నడుస్తుంది. చరకుడి దగ్గర ధీమా తీసుకున్నాడు, నిదానం వదిలేశాడు. వాత్స్యాయనుడి దగ్గర నూనె తీసుకున్నాడు, సందేహం వదిలేశాడు. ఇద్దరిలోనూ లేనిది ఒకటి తాను చేర్చాడు: సిగ్గును ఫీజుగా మార్చడం. మోసపోయినవాడు పోలీసు స్టేషనుకు వెళ్ళి ఏమని చెప్పుకుంటాడు?

చట్టం లేక కాదు. మందులు, మాయ చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం 1954లోనే వచ్చింది. లైంగిక సుఖశక్తిని నిలబెడతామనో పెంచుతామనో ఏ మందునూ ప్రకటించకూడదని మూడో సెక్షన్ చెబుతోంది. హమ్‌దర్ద్ దవాఖానా దీన్ని సుప్రీంకోర్టులో సవాలు చేస్తే, ఇలాంటి వ్యాపార ప్రకటనలకు భావప్రకటన స్వేచ్ఛ రక్షణ వర్తించదని కోర్టు తేల్చింది, చట్టంలోని కొన్ని భాగాల్ని కొట్టివేస్తూనే. అయినా ఆ ప్రకటనలు గోడల నుంచి ఫోన్ తెరల మీదికి ఎక్కాయి. మందు అనకుండా ఆరోగ్య ఆహారం అంటే చాలనుకుంటున్నారు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది లోపల దాగిన కల్తీ. పూర్తిగా మూలికలతో చేసినవని అమ్మే మగసిరి గుళికల్లో చెప్పకుండా సిల్డెనాఫిల్ గానీ, దాని రసాయన బంధువుల్ని గానీ కలిపినట్టు అమెరికా ఆహార ఔషధ సంస్థ ఏళ్ళ తరబడి పరీక్షించి, పేర్లతో సహా హెచ్చరికలు విడుదల చేస్తూనే ఉంది. కొన్నవాడు మూలిక గొప్పతనమని మురిసిపోతాడు. గుండెనొప్పికి నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకునే మనిషి అలాంటి గుళిక మింగితే రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు. వయాగ్రా మాత్ర రాసిచ్చేటప్పుడు ఈ సంగతి డాక్టరు అడుగుతాడు, మెడికల్ షాపులో కొన్న అట్ట మీద రాసి ఉంటుంది. పేరు లేని పొట్లం మీద రాసి ఉండదు.

ఈ రెండు గ్రంథాల్లో ఒకదాన్ని ఎంచుకోమంటే, మందుల కోసం రెంటినీ వద్దంటాను. రోగిని ఎలా అడగాలో తెలుసుకోవడానికి చరకుడి నాలుగో పాదం చదవమంటాను. పుస్తకంలో రాసి ఉన్నదాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుసుకోవడానికి వాత్స్యాయనుణ్ణి చదవమంటాను, పురుగుల భాగం పక్కన సుశ్రుతుణ్ణి పెట్టుకుని.

నలభై దాటిన పాఠకులకు ఒక మాట. అంగానికి వెళ్ళే రక్తనాళాలు గుండె నాళాల కంటే సన్నవి, అందుకే పూడిక తొలుత అక్కడ బయటపడుతుంది. గుండె జబ్బుకు కొన్ని ఏళ్ళ ముందే స్తంభన లోపం కనిపించడం వైద్యులు తరచుగా చూస్తున్నదే. మూడు నెలలుగా ఈ ఇబ్బంది ఉంటే ముందు రక్తంలో చక్కెర, రక్తపోటు, కొలెస్ట్రాల్ చూపించుకోండి. తెల్లవారుజామున స్తంభన వస్తోందో లేదో గమనించి డాక్టరుకు చెప్పండి; వస్తుంటే కారణం చాలావరకు మనసులో ఉందని అర్థం. ఇదివరకు వాడిన పొడులూ గుళికలూ ఉంటే సిగ్గుపడకుండా డబ్బాలతో సహా ఆయన బల్ల మీద పెట్టండి.